ఈ ఏడాది ఆకు ఖర్చులో గంబూట్లు కూడా రాయండి

సిరోంచ తాలూకా గ్రామసభల అధ్యక్షులకు, కార్యదర్శులకు, మన దగ్గర తునికాకు కొనే కాంట్రాక్టర్లకు, తాలూకా ఆరోగ్య అధికారులకు

నమస్కారం.

నాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. బీడీలకు వాడే తునికాకును కొని ఆరబెట్టే కల్లంలో పన్నెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. అంతకుముందు అమ్మతో, చిన్నమ్మతో అడవికి పోయి ఆకు కోసినవాణ్ని. ఎవరు ఎన్ని కట్టలు తెచ్చారు, ఎవరికి ఎంత రావాలి అని రాయడమే నా పని. ఈ పన్నెండేళ్లలో మా కల్లానికి ఆకు తెచ్చేవాళ్లలో ఏడుగురిని పాము కరిచింది. ఇద్దరు చనిపోయారు. వాళ్ల పేర్లు నా పాత పుస్తకాల్లో ఇప్పటికీ ఉన్నాయి. పేరు ఉంటుంది, మొదటి నాలుగైదు రోజుల కట్టల లెక్క ఉంటుంది, ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ.

ఇప్పుడు మార్చి నెల. అడవిలో కొమ్మ కొట్టే పని నడుస్తోంది. ఇంకొన్నాళ్లు పోతే అగ్రిమెంటు, అడ్వాన్సు. కట్టకు రేటు ఎంత, బోనసు ఎప్పుడు, గోనె సంచులు ఎన్ని, సుతిలి ఎంత, లారీ కిరాయి ఎవరిది, రాత్రి కాపలా ఎవరు అని గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఆకు కోసే మనిషి కాలికి ఏముంది అన్న మాట మాత్రం నేను కూర్చున్న ఒక్క మీటింగులోనూ రాలేదు. తప్పంతా మీదే అనను. పుస్తకం నా చేతిలో ఉండి కూడా నేను అడగలేదు. ఈసారి అడుగుతున్నాను.

మా చిన్నమ్మ సంగతి ముందు చెప్పాలి.

మూడేళ్ల కిందటి మే నెల. ఎండ ముదరకముందే గోనె నిండాలని అందరం పొద్దున నాలుగున్నరకే అడవిలో ఉన్నాం. నేను ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోవాళ్లతో ఆకుకు పోయాను. తునికి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, కొమ్మ కొట్టిన మోడు నుంచి మోకాలెత్తు పిలకలు లేస్తాయి, లేత మంచి ఆకు వాటికే ఉంటుంది. ఆ ఆకు కోయాలంటే వంగాలి, ఒక చేత్తో పిలకను పట్టి ఇంకో చేత్తో తుంచాలి, పాదం పొద మొదట్లోనే పెట్టాలి. చిన్నమ్మ చేతిలో సెల్‌ఫోన్ లైటు ఉంది. రెండు చేతులూ కావాలి కాబట్టి ఫోన్‌ను జాకెట్లో దోపుకుంది. లైటు ఆమె గడ్డం మీద, ఆపైన కొమ్మల మీద పడుతోంది. కాళ్ల దగ్గర చీకటి. కాళ్లకు రబ్బరు చెప్పులు, ఒక దానికి వారు తెగిపోతే పిన్నీసు పెట్టుకుంది.

కుక్కర్‌లోంచి ఆవిరి పోయినట్టు బుస్సుమని చప్పుడు నాకు కూడా వినపడింది. చిన్నమ్మ అమ్మా అని వెనక్కి దూకింది. ఎడమ కాలి చీలమండ పక్కన రెండు చుక్కలు, వాటి నుంచి నెత్తురు కారుతూనే ఉంది. పాము ఎక్కడికీ పోలేదు. పొద మొదట్లో ఎండుటాకుల మీద చుట్ట చుట్టుకుని ఉంది, వీపు మీద గొలుసులా నల్లటి మచ్చలు. రక్తపింజర.

ఆ తర్వాత మేం చేసినవన్నీ తప్పులే. చిన్నమ్మ భయంతో బండి దాకా పరిగెత్తింది, మేం ఆపలేదు. మా బాబాయి తువ్వాలు చింపి మోకాలి కింద బిగించి కట్టాడు, వేలు దూరనంతగా. ఎవరో బ్లేడుతో గాటు పెట్టారు. బండి మీద పక్క ఊళ్లో మంత్రం వేసే పెద్దమనిషి దగ్గరకు తీసుకుపోయాం. ఆయన మంచి మనిషి, పైసా తీసుకోడు, చేతనైనదేదో చేశాడు. ఆకు పసరు పోశాడు, మంత్రం చదివాడు. ఏడున్నరకు చిన్నమ్మ చిగుళ్ల నుంచి నెత్తురు రావడం మొదలైంది. అప్పుడు భయపడి 108కి ఫోన్ చేశాం. దవాఖానకు చేరేసరికి పది దాటింది. కరిచిన తర్వాత ఐదు గంటలు.

అక్కడ ఒక మరాఠీ కుర్ర డాక్టరు ఉన్నాడు. ఆయన చేసిన పని నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది. చిన్నమ్మ చేతి నుంచి కొంచెం నెత్తురు తీసి, కడిగి ఆరబెట్టిన ఒక గాజు గొట్టంలో పోశాడు. టేబుల్ మీద నిలబెట్టి, దీన్ని ఎవరూ కదపొద్దు అన్నాడు. గోడ గడియారం చూసి టైం రాసుకున్నాడు. 20 నిమిషాలు. మామూలు మనిషి నెత్తురైతే ఆ పాటికి గడ్డ కడుతుంది, గొట్టం వంచినా జారదు. 20 నిమిషాలు అయ్యాక ఆయన గొట్టాన్ని మెల్లగా పక్కకు వంచాడు. నెత్తురు నీళ్లలా గొట్టం గోడ వెంబడి జారింది. చూడండి, గడ్డ కట్టే శక్తిని విషం తినేసింది అన్నాడు. వెంటనే విషానికి విరుగుడు మందు 10 సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించాడు. మెషిన్ లేదు, ల్యాబ్ లేదు. ఒక గాజు గొట్టం, ఒక గడియారం, ఏం చూడాలో తెలిసిన ఒక మనిషి.

చిన్నమ్మ బతికింది. అయితే ఐదు గంటల ఆలస్యానికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. నది అవతల, తెలంగాణలో పెద్ద దవాఖానలో డయాలసిస్ చేయించాం. బిగించి కట్టిన చోట కండ చచ్చిపోయి పుండు పడింది, అది మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ సంవత్సరం ఆకు డబ్బు, ఇప్పపువ్వు డబ్బు, రెండు మేకలు, అన్నీ అందులోకే పోయాయి. ఆ పొద్దున ఆమె కాళ్లకు మోకాలి కింది దాకా వచ్చే గంబూట్లు ఉంటే, పాము కోర రబ్బరు మీద పడి ఉండేది. బూట్ల జత మా బజారులో 350 రూపాయలు.

ఈ ఉత్తరంలో నేను అడిగేది ఇంతే. గోనె సంచి, సుతిలి, లారీ కిరాయి ఎలాగైతే సీజన్ ఖర్చులో రాస్తారో, ఆకు కోసే ప్రతి మనిషికీ గంబూట్లు, తలకు కట్టుకునే లైటు, ఒక పొడుగు కర్ర కూడా అలాగే రాయండి. మొదటి ఆకు తెంపకముందే చేతికివ్వండి. పాము కరిచాక చందాలు వేసుకునే బాధ మనకు వద్దు.

కాంట్రాక్టర్లు అంటారు, మేం ఆకు కొంటాం, మనుషులను పనికి పెట్టుకోం కదా అని. నిజమే. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక మన జిల్లాలో చాలా గ్రామసభలు తామే ఆకు అమ్ముకుంటున్నాయి. అందుకే మొదట గ్రామసభ పెద్దలను అడుగుతున్నాను. అగ్రిమెంటు షరతులు ఇప్పుడు మీరు రాయిస్తున్నారు. ధర, అడ్వాన్సు, ఆలస్యమైతే వడ్డీ రాయించినట్టే ఇదీ ఒక లైను రాయించండి. కాంట్రాక్టరు సగం, గ్రామసభ సగం పెట్టుకున్నా కూలివాళ్ల చేతి నుంచి పోయేది ఏమీ ఉండదు. పైగా ఆకు సీజన్ రెండు మూడు వారాలే, అదే బూటు జూన్‌లో నాట్లకూ, చేను కాపలాకూ పనికొస్తుంది. దేశంలో పాముకాటు చావుల్లో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే జరుగుతున్నాయని పెద్ద అధ్యయనమే తేల్చింది. అదే అధ్యయనం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది పోయారని లెక్క వేసింది. ఏడాదికి 58 వేలు. వీళ్లలో ఎక్కువ మంది పల్లెల్లో ఉండేవాళ్లు, ఇంటి దగ్గరే ప్రాణం పోయినవాళ్లు.

మే నెల ఎండలో రబ్బరు బూట్లా, ఉడికిపోమా అని మా ఆడవాళ్లే అడిగారు. అడగాల్సిన మాటే. నేను వేసుకుని చూశాను. ఎనిమిది దాటాక కాళ్లు చెమటతో తడుస్తాయి, కాటన్ సాక్సు వేసుకుంటే కొంత నయం. మనం ఎక్కువ ఆకు కోసేది నాలుగున్నర నుంచి ఎనిమిది లోపే, పాముకు, మనకు కూడా అదే చల్లని వేళ. ఆ మూడున్నర గంటలు బూట్లు కాళ్లకు ఉండాలి. అస్సలు వేసుకోలేని ముసలివాళ్లకు మూసిన బూట్లు, పైన చీలమండ నుంచి మోకాలి దాకా మందమైన కాన్వాసు పట్టీ వదులుగా చుట్టి ఇవ్వొచ్చు. గంబూటు అంత కాపు కాయదు, అయినా రబ్బరు చెప్పు కన్నా చాలా మేలు. ఎందుకంటే అడవిలో నడిచేవాళ్లకు పాము కాట్లు ఎక్కువగా పడేది పాదం మీద, చీలమండ దగ్గర, పిక్క మీద. పాము ఎగిరి గుండె మీద కరవదు. నేల మీద చుట్టుకుని ఉన్నది తన ఎత్తుకు అందినదాన్నే కరుస్తుంది.

ఆకు కోసేవాళ్లకు ఇంకో ప్రమాదం చెయ్యి. పొదలోకి మొదట పోవాల్సింది కర్ర, ఆ తర్వాతే చెయ్యి. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. పాముకు బయటికి కనిపించే చెవులు లేవు, మనం అరిచినా చప్పట్లు కొట్టినా పెద్దగా లాభం లేదు. నేల అదురును ఒంటితో పసిగడుతుంది. అందుకే కర్రతో నేలను గట్టిగా పొడుస్తూ నడవమని మన పెద్దలు చెప్పేవాళ్లు. నాగుపాము ఆ అదురుకు చాలాసార్లు తప్పుకుంటుంది. రక్తపింజర తప్పుకోదు. అది కదలకుండా పడి ఉండే పాము, ఎండుటాకుల రంగులో కలిసిపోతుంది, తొక్కబోతే బుస కొడుతుంది. కాబట్టి నేల పొడిచాం కదా అని ధీమాగా పోకూడదు. పొద మొదట్లో ఎండుటాకులను కర్రతో కదిపి, లైటు వేసి చూసి, అప్పుడు వంగాలి. ఒక్కో పొదకు ఐదారు సెకన్లు పడుతుంది. ఎన్ని కట్టలు తగ్గుతాయో అని లెక్క వేసే వాణ్ని నేనే కాబట్టి చెబుతున్నాను, పొద్దంతా కలిపి పోయేది కొన్ని కట్టలే.

తలకు కట్టుకునే లైటు ఎందుకంటున్నానో చిన్నమ్మ సంగతి చదివాక మీకు వేరే చెప్పక్కర్లేదు. తల ఎటు తిరిగితే లైటు అటు పడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఛార్జింగ్ పెట్టుకునేవి 200 రూపాయల లోపు దొరుకుతున్నాయి.

పడిపోయిన మాను అడ్డం వస్తే దాటి అవతల అడుగు వేయొద్దు. మాను మీదికి ఎక్కి, అవతల చూసి, అప్పుడు దిగాలి. పాములు చల్లదనానికి మాను కిందే చేరతాయి. పుట్టల మీద, రాళ్ల గుట్టల మీద కూర్చుని సద్ది తినడం మానాలి. ఒక ఆకు గుత్తి కోసం రాళ్ల సందులోకి చెయ్యి పెట్టొద్దు. కల్లంలో కూడా జాగ్రత్త కావాలి. ఆరబెట్టిన కట్టలను తిరగేయడానికి మావాళ్లు ఉత్త చేతులతో కూర్చుంటారు. కట్టల కింద నీడ ఉంటుంది, ఎలుకలు, కప్పలు ఉంటాయి, వాటి కోసం పాము వస్తుంది. రెండేళ్ల కిందట మా కల్లంలో కట్టల వరస కింద చిన్నపింజర కనపడింది. జానెడు కన్నా కొంచెం పొడుగు, ఒంటి పొలుసులు ఒకదానికొకటి రాస్తూ రంపం కోసినట్టు చప్పుడు చేసింది. ఆ చప్పుడు లేకపోతే ఒకమ్మాయి చెయ్యి దాని మీద పడేది. కల్లం చూసుకునే కల్లేదారులకు చెబుతున్నాను, ఒక్కో వరసకు ఒక్కో కర్ర పెట్టండి, మొదట కర్రతో కదిపించండి.

పాము కనపడితే చంపబోవద్దు. చంపబోయి దగ్గరకు పోతే కాటు పడే ప్రమాదం ఎక్కువ. ఆగి, మెల్లగా వెనక్కి అడుగులు వేసి, పక్క నుంచి పోవాలి. కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరను తోక పట్టుకున్నవాళ్లు మన తాలూకాలోనే ఉన్నారు. మచ్చలు చూసి గుర్తుపట్టగలం అనే ధైర్యం ఎవరికీ వద్దు.

ఇక పోయిన ఇద్దరిలో ఒకడి గురించి. పదిహేడేళ్ల కుర్రాడు. వాణ్ని కరిచింది అడవిలో కాదు. పొద్దున మూడింటికి లేచి ఆకుకు పోవాలని, ఉక్కపోతకు తట్టుకోలేక వాకిట్లో గోనె పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచాడు. రాత్రి తిన్న చేపల కూర పడలేదనుకున్నారు, వాము నీళ్లు ఇచ్చారు. ఐదింటికి కళ్లు తెరవలేకపోతున్నా అన్నాడు. రెప్పలు వాలిపోయాయి, నిద్ర తీరలేదనుకుని మళ్లీ పడుకోబెట్టారు. ఆరున్నరకు మాట ముద్ద ముద్దగా వచ్చింది. బండి ఎక్కించేసరికి ఊపిరి అందలేదు. ఒంటి మీద ఎక్కడా కాటు కనపడలేదు. కట్లపాము అంతే చేస్తుంది. రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, కాటు నొప్పి తెలియదు, వాపు రాదు, కోర గుర్తు వెతికినా దొరకదు. నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కారణం లేని కడుపునొప్పి, రెప్పలు వాలడం కనపడితే పాముకాటు అనుకోవాల్సిందే. ఈ ఒక్క మాట ఆ ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే వాడు దక్కేవాడేమో. వాళ్ల అమ్మ నన్ను ఇదే అడుగుతుంది, ముందే ఎందుకు చెప్పలేదు రా అని. నాకూ అప్పుడు తెలియదు.

మంచం, దోమతెర ఉంటే కట్లపాము నుంచి చాలా వరకు కాపాడతాయి. దోమతెర అంచులు పరుపు కిందికి చుట్టూ దోపాలి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. మలేరియా కోసం మన జిల్లాలో దోమతెరలు పంచుతూనే ఉన్నారు. చాలా ఇళ్లలో వాటిని చేపలకు, కూరగాయల పందిళ్లకు వాడుతున్నారు. గ్రామసభలో ఒకసారి గట్టిగా చెప్పండి, పాము కోసమైనా కట్టుకోండని. రాత్రి కల్లం కాపలా ఉండేవాళ్లకు మంచం ఇవ్వడం కాంట్రాక్టరు బాధ్యత. 2022 జులై వరదల్లో గోదావరి, ప్రాణహిత మన ఊళ్లలోకి వచ్చినప్పుడు ఎన్ని పాములు అటకల మీదికి, గడ్డివాముల్లోకి చేరాయో చూశారు కదా. ఆ నెలంతా మంచం దిగేటప్పుడు లైటు లేకుండా కాలు కింద పెట్టలేదు మేం. ఆ అలవాటు ప్రతి ఏడూ ఉండాలి.

మంత్రం వేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం వదలదు. అలాంటివాళ్లు మంత్రానికి లేచి కూర్చుంటారు, ఆ పేరు పది ఊళ్లకు పాకుతుంది. విషం ఎక్కినవాళ్లకు మాత్రం మంత్రం దగ్గర పోయే ప్రతి గంటా కిడ్నీని, ఊపిరిని తింటుంది. ఆ పెద్దమనుషులను పక్కన పెట్టకండి. గ్రామసభకు పిలిచి, గౌరవంగా కూర్చోబెట్టి, మీ దగ్గరకు వచ్చిన మనిషిని ముందు మీరే బండి ఎక్కించండి, దారిలో మీతోపాటు కూర్చుని మంత్రం చదవండి అని అడగండి. మా పక్క ఊరి ఆయన చిన్నమ్మను చూసి వెళ్లాక తనంతట తానే ఈ మాట ఒప్పుకున్నాడు. పోయిన ఏడు ఒక పిల్లవాణ్ని తన బండి మీద ఆయనే దవాఖానకు తెచ్చాడు.

కరిచాక చేయాల్సింది తక్కువ. మనిషిని నడిపించొద్దు, పరిగెత్తనివ్వొద్దు. భయపడకు అని చెప్పాలి. కరిచిన కాలినో చేతినో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు రెండు కర్రల మధ్య పెట్టి వదులుగా కట్టి, కదలకుండా మోసుకుపోవాలి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. తాడు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, ఐసు పెట్టొద్దు. పాము కోసం వెతకొద్దు. బండి మీద అయితే మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకోవాలి. కల్లానికి ఒక బండి, దానికి పెట్రోలు, సీజన్ అన్ని రోజులూ తయారుగా ఉండాలి. దాన్ని కూడా ఖర్చులో రాయండి.

ఆరోగ్య శాఖ వారికి.

సార్, మన తాలూకా నుంచి జిల్లా దవాఖాన 200 కిలోమీటర్లకు పైనే. ఆలాపల్లి రోడ్డు వానాకాలంలో ఎలా ఉంటుందో మీ 108 డ్రైవర్లే చెబుతారు. ఇక్కడ పాముకాటు మనిషికి మొదటి మందు పడకుండా పైకి పంపడమంటే దారిలో చావమనడమే. విరుగుడు మందుకు రియాక్షన్ వస్తుందన్న భయంతో కొన్నిచోట్ల సూది వేయకుండా రాసి పంపేస్తున్నారు. ఆ రియాక్షన్‌ను ఆపే అడ్రినలిన్ పక్కన పెట్టుకుని మొదటి డోసు ఇవ్వడం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరగాలి. మొదటి డోసుకే 10 సీసాలు కావాలి, పిల్లలకైనా పెద్దలకైనా అంతే, ఎందుకంటే మందు విరవాల్సింది పాము వదిలిన విషాన్ని, అది మనిషి బరువును బట్టి మారదు. రెండు సీసాలు స్టాకు ఉన్నాయి అంటే లేనట్టే. ఏప్రిల్ నెలాఖరు కల్లా ఒక్కో కేంద్రంలో కనీసం ఇద్దరికి సరిపోయే మందు, నాగుపాము కాటుకు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ మందులు, ఊపిరి ఆగినవాళ్లకు చేత్తో నొక్కే గాలి సంచి, నెత్తురు చూసే గాజు గొట్టాలు ఉండాలి. గాజువే ఉండాలి, ప్లాస్టిక్ గొట్టంలో ఆ పరీక్ష సరిగా రాదు. ఏ కేంద్రంలో ఎన్ని సీసాలు ఉన్నాయో వారానికోసారి గ్రామసభల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి, మేం ఎటు పరిగెత్తాలో మాకు తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి భాష. దవాఖాన గోడ మీద పాముల బొమ్మల చార్టు ఉంది, పేర్లు మరాఠీలో ఉన్నాయి. ఘోణస్, మణ్యార్, ఫుర్సే. మా ముసలివాళ్లు వాటినే రక్తపింజర, కట్లపాము, చిన్నపింజర అంటారు. బయటి జిల్లా నుంచి వచ్చిన డాక్టరుకు మా పేర్లు అర్థం కావు, చార్టు మీది పేర్లు మాకు అర్థం కావు. ఈ మూడింటికీ, నాగుపాముకూ కలిపి నాలుగు పాములకూ మందు ఒకటే అని నాకు తెలుసు, పేరు తెలియకపోయినా వైద్యం ఆగదు. కానీ రెప్పలు బరువుగా ఉన్నాయా, మింగడం కష్టంగా ఉందా, చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందా, మూత్రం ఎర్రగా ఉందా అని అడిగితేనే కదా వైద్యం నడిచేది. మా చిన్నమ్మ దగ్గర ఆ ప్రశ్నలను తెలుగులోకి మార్చడానికి నేను ఉన్నాను. ఎవరూ లేని మనిషి వస్తే ఏంటి పరిస్థితి? తెలుగులో, గోండిలో, మరాఠీలో ఒకే కాగితం మీద ఆ ప్రశ్నలు, పాము బొమ్మలు వేసి ప్రతి కేంద్రంలో, ప్రతి కల్లంలో అంటించండి. తెలుగులో రాసిపెట్టే పని నాకు ఇవ్వండి, ఈ వారమే ఇస్తాను.

ఇది మన జిల్లాకు పెద్ద పనేం కాదు. 1973లో సంఘసేవకుడు బాబా ఆమ్టే మన జిల్లా హేమల్కసలో మొదలుపెట్టిన లోక్ బిరాదరీ సేవా కేంద్రంలో ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే డాక్టర్లు కరెంటు లేని రోజుల్లోనే అడవి మధ్య వైద్యం చేసి చూపించారు. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు మన గడ్చిరోలి పల్లెల ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే పసిపిల్లల ప్రాణాలు నిలబెట్టారు. 1999లో ఆ పని లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది, ప్రపంచమంతా చదివింది. పసిగుడ్డుకు ఊపిరి ఆడుతోందో లేదో చూడటం నేర్చుకున్న మన ఆడవాళ్లకు, కాలికి రెండు కర్రలు కట్టడం నేర్పడం ఎంతసేపు? ఆశా అక్కలకు ఏప్రిల్‌లో ఒక్క పూట శిక్షణ పెట్టండి, కల్లేదారులను కూడా కూర్చోబెట్టండి. 2024 మార్చిలో కేంద్రం విడుదల చేసిన జాతీయ ప్రణాళిక 2030 కల్లా పాముకాటు చావులను సగానికి తగ్గించాలంటోంది. ఆ సగం మన తాలూకా నుంచి కూడా రావాలి కదా.

నది అవతలి సంగతి కూడా. కాళేశ్వరం వంతెన వచ్చాక అవతలి దవాఖానలు మాకు దగ్గర. సీరియస్ కేసును ఏ వంతెన మీదుగా, ఏ దవాఖానకు పంపాలో రెండు వైపుల అధికారులు ముందే కూర్చుని రాసుకుంటే, నెత్తురు కారుతున్న మనిషిని పక్కన పెట్టుకుని మేం ఫోన్లు చేయాల్సిన పని ఉండదు.

పరిహారం గురించి ఒక్క మాట. గోపీనాథ్ ముండే పేరిట ఉన్న రైతు ప్రమాద పథకంలో పాముకాటు చావుకు 2 లక్షలు వస్తాయి, కానీ భూమి ఎవరి పేరున ఉందో చూపే 7/12 ఉతారా అడుగుతారు. భూమి లేని ఆకు కూలీకి ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? ఒడిశాలో పాముకాటును రాష్ట్ర విపత్తుల్లో చేర్చి 4 లక్షలు ఇస్తున్నారు. దీని మీద గ్రామసభలు తీర్మానం చేసి పంపాలి. పోస్టుమార్టం లేకపోతే పరిహారం రావడం కష్టం, దాని గురించి ఇంటివాళ్లకు ఆ దుఃఖంలో ఎవరో ఒకరు చెప్పాలి, ఊళ్లో పోలీసుల తరఫున ఉండే పోలీస్ పాటిల్ చెబితే బాగుంటుంది.

పిల్లల బూట్ల గురించి నేను అడగడం లేదు. పిల్లలను ఆ చీకటిలో ఆకుకు తేవొద్దని గ్రామసభ తీర్మానం కావాలని అడుగుతున్నాను. తల్లులు ఆకుకు పోయాక ఇంట్లో ఎవరున్నారు అంటారు, అందుకు అంగన్‌వాడీ ఆ మూడు వారాలు పొద్దున్నే తెరిపించే మార్గం చూడండి.

నా వంతు పని మొదలుపెట్టాను. బూట్లు కొనాలంటే సైజులు కావాలి. మా కల్లానికి ఆకు తెచ్చే 64 మంది ఇళ్లకు రెండు వారాలుగా సాయంత్రం పూట తిరుగుతున్నాను. ఆడవాళ్లలో చాలామందికి తమ కాలి సైజు తెలియదు, జీవితంలో ఎన్నడూ బూటు కొనలేదు. అందుకని పాత పేపరు నేల మీద పరిచి, పాదం పెట్టమని, పెన్సిల్‌తో చుట్టూ గీస్తున్నాను. కొందరు సిగ్గుపడి ముందు కాళ్లు కడుక్కుని వచ్చారు. ఒక్కో పేపరు మీద పేరు, ఇంటి నంబరు రాశాను. మా చిన్నమ్మవి మాత్రం రెండు పేపర్లు అయ్యాయి, ఎడమ కాలు వాపు పూర్తిగా దిగలేదు, కుడి కాలి కన్నా రెండు సైజులు పెద్దది వచ్చింది. ఈసారి ఆమె అడవికి రాదు, కల్లంలో కట్టలు తిరగేస్తానంటోంది. ఆమెకూ ఒక జత రాశాను, రెండు సైజుల నుంచి ఒక్కో బూటు తీసి ఇవ్వమని దుకాణంలో మాట్లాడాను.

64 పేర్లు, సైజులు, ధరలు పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నాయి. గ్రామసభ ఏ రోజు పెడతారో కబురు చేయండి, పుస్తకం పట్టుకుని వస్తాను.

ఇట్లు,
తునికాకు కల్లం మున్షీ,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా